డాగెన్‌హామ్ ఇంట్లో దొరికిన పాత కరపత్రం: ఈ బీఎన్‌పీ ఏమైపోయింది?

గోదారిగట్టు
అందరికీ నమస్తే. పోయిన నెల లండన్‌లో డాగెన్‌హామ్‌కి ఇల్లు మారాం. మొన్న ఆదివారం కరెంటు మీటరు ఉండే గూడు శుభ్రం చేస్తుంటే, పాత పిజ్జా మెనూలు, టాక్సీ కార్డుల కింద ఒక కరపత్రం దొరికింది. రంగు వెలిసిపోయింది. మీద యుద్ధవిమానం బొమ్మ, దాని కింద 'బ్రిటన్ కోసం పోరాటం' అని పెద్ద అక్షరాలు. కింద బ్రిటిష్ నేషనల్ పార్టీ (బీఎన్‌పీ) అని ఉంది. 2009లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలప్పటిది. మా ఆవిడ చూసి "దరిద్రం, ముందు పారేయండి" అంది. నాకు పారేయబుద్ధి కాలేదు, ఫ్రిజ్ మీద పెట్టాను.

నేను ఈ దేశం వచ్చింది 2021లో. ఇక్కడి యూకిప్, రిఫార్మ్ పార్టీల పేర్లు తెలుసు గానీ వీళ్ల పేరు ఎప్పుడూ వినలేదు. ఒకప్పుడు ఇదే పేటలో వీళ్లు పెద్ద పార్టీ అట కదా? అప్పటి నుంచి ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

ఈస్ట్‌హామ్_ఇడ్లీ
బీఎన్‌పీ అనగానే మా ఆఫీసులో సిల్హెట్ నుంచి వచ్చిన మిత్రుడు ఖలీదా జియా పార్టీ అనుకునేవాడు. ఈస్ట్ లండన్‌లో ఆ మూడక్షరాలకు రెండర్థాలుండేవి మరి. ఒకటి బంగ్లాదేశ్ పార్టీ, రెండోది బంగ్లాదేశీలను పంపేయాలన్న పార్టీ.

జోకులు పక్కన పెడితే, మీరు విన్నది నిజమే. 2006 మేలో బార్కింగ్ అండ్ డాగెన్‌హామ్ కౌన్సిల్‌లో వాళ్లు 13 మందిని నిలబెడితే దాదాపు అందరూ గెలిచారు. 12 మంది కౌన్సిలర్లతో లేబర్ తర్వాత రెండో స్థానం వాళ్లదే. 51 సీట్లలో 12. ఇంకో పది మందిని నిలబెట్టి ఉంటే ఏమయ్యేదో అని అప్పట్లో అందరికీ గుబులే. నేను 2005లో వచ్చాను. మీ పక్క స్టేషన్ దగ్గర రాత్రి 9 దాటితే రైలు దిగేవాణ్ణి కాదు.

డాక్టర్‌బాబాయి
గోదారిగట్టు గారూ, మీ కరపత్రం కథ కొంచెం పైన, ఉత్తరాన మొదలవుతుంది. నేను 2002లో లాంకషైర్‌లోని ఓ ఆస్పత్రిలో జూనియర్ డాక్టరుగా చేరాను. పేరు చెప్పను. అంతకు ముందు ఏడాది ఎండాకాలంలో ఓల్డ్‌హామ్, బర్న్‌లీ, బ్రాడ్‌ఫర్డ్ వరసగా తగలబడ్డాయి. తెల్లవాళ్లకూ, పాకిస్తానీ, బంగ్లాదేశీ కుర్రాళ్లకూ మధ్య గొడవలు. వీటిలో మొదటిదైన ఓల్డ్‌హామ్ వేడి చల్లారకముందే 2001 జూన్ ఎన్నికల్లో బీఎన్‌పీ నాయకుడు నిక్ గ్రిఫిన్ ఓల్డ్‌హామ్ వెస్ట్‌లో పోటీ చేసి 16.4 శాతం తెచ్చుకున్నాడు. డిపాజిట్ గల్లంతయ్యే పార్టీకి అది పండగే. 2002లో బర్న్‌లీ కౌన్సిల్‌లో మూడు సీట్లు, 2003కి ఎనిమిది.

బర్న్‌లీ అంటే ఒకప్పుడు నూలు మిల్లుల ఊరు. నేను చూసేసరికి మిల్లుల్లేవు. వరసగా రాతి ఇళ్లు, చాలా ఇళ్లకు కిటికీల మీద చెక్కలు కొట్టేసి ఉండేవి. ఇల్లు కొనేవాడు లేడు, ఊరికే ఇచ్చినా వద్దనేవాడు. నా వార్డులో ఒక ముసలాయన ఉండేవాడు, ఊపిరితిత్తుల జబ్బు. ఒకరోజు ఆక్సిజన్ ట్యూబు పైకి జరుపుకొని, కళ్లద్దాలు అడిగి తీసుకొని, ఇలాంటి కరపత్రమే నాకు చదివి వినిపించాడు. కౌన్సిల్ డబ్బంతా డేన్స్‌హౌస్ వార్డుకి, అంటే ఆసియావాళ్లు ఉండే పేటకి పోతోందని అందులో ఉంది. "ఇది నిజమేనా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. "నీకెలా తెలుస్తుంది, నువ్వుండేది క్వార్టర్స్‌లోనే కదా" అని కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. కోపంగా అనలేదు, ఏదో నా మీద జాలిపడ్డట్టు అన్నాడు. బీపీ చూసి వచ్చేశాను.

ఆయన ఓటు ఎవరికి వేశాడో నేనడగలేదు.

ఓరుగల్లు_పిల్ల
బాబాయి గారూ, బాగా చెప్పిన్రు. నేను లీడ్స్‌లో పాలిటిక్స్‌లో ఎంఏ చేస్తున్న, కాబట్టి కాస్త పాఠం చెప్తా, తిట్టుకోకండి.

ముందు ఒక అనుమానం. మన పేపర్లలో ఇట్లాంటి పార్టీలను 'తీవ్ర మితవాద' అని రాస్తరు. మితవాదం అంటే ఒకప్పుడు గోఖలే గారి మితవాదం. అందులో మితం ఉండేది. ఇక్కడ తీవ్రం తప్ప మితం ఎక్కడిది? కానీ వేరే మాట దొరకదు, అదే వాడుత.

ఈ పార్టీని 1982లో పెట్టింది జాన్ టిండాల్. అంతకుముందు నేషనల్ ఫ్రంట్‌లో పెద్ద తలకాయ, అక్కడ కొట్లాడుకొని బయటికొచ్చిండు. హిట్లర్ అంటే భక్తి ఉన్న మనిషి, దాన్ని పెద్దగా దాచుకోలేదు కూడా. ఆయన హయాంలో పార్టీ అంటే బూట్లు, గొరిగిన తలలు, వీధి కొట్లాటలు. ఆగ్నేయ లండన్‌లో వెల్లింగ్ అనే చోట పుస్తకాల షాపు పేరుతో ఆఫీసు నడిపిన్రు. అదే చుట్టుపక్కల 1993 ఏప్రిల్‌లో, ఎల్తామ్‌లో, స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి పిల్లవాణ్ణి బస్టాపు దగ్గర పొడిచి చంపిన్రు. ఆ హత్య చేసింది పార్టీ అని కాదు. కానీ ఆ షాపు మూయాలని జనం ఊరేగింపులు తీసిన్రు, 1995లో కౌన్సిల్ మూయించింది.

1999లో గ్రిఫిన్ టిండాల్‌ను ఓడించి నాయకుడైండు. కేంబ్రిడ్జిలో లా చదివినాయన. అంతకు ముందు ఏడాదే జాతి విద్వేషం రెచ్చగొట్టిన కేసులో శిక్ష కూడా పడ్డది, కాకపోతే జైలుకు పోకుండ సస్పెండ్ చేసిన్రు. ఆయన చేసిందల్లా వేషం మార్పు. బూట్లు తీసేసి సూట్లు వేయించిండు. 'వెళ్లగొడతాం' అన్నదాన్ని 'ఇష్టమున్నోళ్లకు డబ్బులిచ్చి పంపిస్తం' అని రాయించిండు. జాతి అనే మాట తగ్గించి సంస్కృతి, అస్తిత్వం అని పెట్టించిండు. 2001 తర్వాత టార్గెట్ మొత్తం ముస్లింల మీదికి తిప్పిండు.

లెక్కలమాస్టారు
నేను రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గర రెడింగ్‌లో ఆర్నెల్లు, గుంటూరులో ఆర్నెల్లు ఉంటున్నాను. పొద్దుపోక ఇక్కడి ఎన్నికల లెక్కలు చూస్తుంటాను. ఈ పార్టీ విషయంలో ఒక తమాషా కనపడింది, చూడండి.

1993 సెప్టెంబరులో ఈస్ట్ లండన్‌లోని మిల్‌వాల్ వార్డు ఉప ఎన్నికలో డెరెక్ బీకన్ అనే ఆయన గెలిచాడు. పార్టీకి అదే మొట్టమొదటి కౌన్సిల్ సీటు. వచ్చిన ఓట్లు 1,480. మెజారిటీ ఏడు. ఏడంటే ఏడే. దేశమంతా గగ్గోలు. ఎనిమిది నెలల తర్వాత, 1994 మేలో మళ్లీ ఎన్నిక. ఆయన ఓడిపోయాడు. అప్పుడు వచ్చిన ఓట్లెన్నో చెప్పండి?

2,041.

ఓట్లు ఐదు వందల పైన పెరిగాయి, సీటు పోయింది! కారణం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మొదటిసారి ఇళ్లలో కూర్చున్నవాళ్లంతా రెండోసారి లేచొచ్చి ఓటేశారు.

ఇప్పుడు గోదారిగట్టు గారి కరపత్రం ఏడాదికి వద్దాం. 2009 జూన్‌లో వాయవ్య ఇంగ్లండ్ నుంచి గ్రిఫిన్ యూరోపియన్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. వచ్చిన ఓట్లు 1,32,094. అంతకుముందు 2004లో అదే ప్రాంతంలో ఓడిపోయినప్పుడు పార్టీకి వచ్చినవి 1,34,959. యార్క్‌షైర్‌లో గెలిచిన ఆండ్రూ బ్రాన్స్ విషయం కూడా ఇంతే: 2004లో 1,26,538, 2009లో 1,20,139. రెండు చోట్లా ఓట్లు తగ్గాయి, రెండు చోట్లా గెలిచారు. దేశం మొత్తం మీద మాత్రం పెరిగాయి, అది ఒప్పుకోవాలి: 9,43,598 ఓట్లు, 6 శాతం పైన. కానీ సీట్లు తెచ్చింది మాత్రం లేబర్ ఓటరు ఇల్లు కదలకపోవడమే. ఆ మే నెలంతా పేపర్ల నిండా ఎంపీలు ప్రభుత్వ సొమ్ముతో ఏమేం కొనుక్కున్నారో అదే. జనానికి విసుగొచ్చింది.

తటస్థుడు
మాస్టారూ, లెక్క బాగుంది గానీ నాకొక అభ్యంతరం. 'జనం ఇళ్లలో కూర్చున్నారు కాబట్టి గెలిచారు' అనేస్తే, ఓటేసిన ఆ తొమ్మిది లక్షల మందిని లెక్కలోంచి తీసేసినట్టే. వాళ్లంతా నాజీలా? నేను నమ్మను. డాగెన్‌హామ్‌లో 1931 నుంచి నడిచిన ఫోర్డ్ ఫ్యాక్టరీ 2002లో కార్లు చేయడం ఆపేసింది. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ అదే గేటులోంచి లోపలికి వెళ్లిన కుటుంబాలు ఎన్నో. ఆ పని పోతే ఓ మనిషి ఎవరి మీద కోపగించుకుంటాడు?

ఓరుగల్లు_పిల్ల
అన్నా, కోపం రావడం వేరే, ఆ కోపాన్ని పక్కింటి నైజీరియా ఆయన మీదికి తిప్పడం వేరే. 2006లో డాగెన్‌హామ్ వైపు పంచిన కరపత్రం గురించి చదవండి. 'ఆఫ్రికన్స్ ఫర్ ఎసెక్స్' అని హెడ్డింగ్. ఆఫ్రికా వాళ్లకు ఇక్కడ ఇళ్లు కొనుక్కోమని కౌన్సిల్ తలా 50,000 పౌండ్లు ఇస్తోందని రాసిన్రు. అట్లాంటి స్కీమే లేదు. శుద్ధ అబద్ధం. ఫోర్డ్‌లో కార్లు ఆగడం నిజం, స్కీము అబద్ధం. రెండూ కలిపి వడ్డిస్తే జనం తిన్నరు.

తటస్థుడు
తిన్నారు సరే. ఆకలి ఎందుకుందనే నేనడిగేది.

గోదారిగట్టు
మీరంతా మాట్లాడుతుంటే ఇవాళ సాయంత్రం పిల్లను పార్కుకి తీసుకెళ్తూ వీధి చూసుకుంటూ నడిచాను. మేమున్నది బెకన్‌ట్రీ ఎస్టేట్ అట. 1921లో మొదలుపెట్టి సుమారు 27,000 ఇళ్లు కట్టారట, అన్నీ కౌన్సిల్ ఇళ్లే. ఇటుక గోడ, చిన్న తోట, ముందొక పొద. ప్రపంచంలోకెల్లా పెద్ద కౌన్సిల్ ఎస్టేట్ అని పక్కింటాయన గొప్పగా చెప్పాడు. ఆయన పుట్టింది ఆ ఇంట్లోనే. ఇప్పుడు కౌన్సిల్ ఇల్లు కావాలంటే ఏళ్లకేళ్లు క్యూలో ఉండాలట, ఆయన మనవరాలికి ఇంకా రాలేదట.

ఈస్ట్‌హామ్_ఇడ్లీ
అదే అసలు పుండు. 1980లో థాచర్ ప్రభుత్వం కౌన్సిల్ ఇళ్లను అందులో అద్దెకుండేవాళ్లకే చవగ్గా అమ్మింది. కొన్నవాళ్లు కొన్నాళ్లకు ఎక్కువ ధరకు అమ్ముకొని ఎసెక్స్ వైపు వెళ్లారు. కొన్నది అద్దెలకిచ్చేవాళ్లు. అద్దెకొచ్చింది మనలాంటివాళ్లు, ఆఫ్రికా వాళ్లు, తూర్పు యూరప్ వాళ్లు. కౌన్సిల్ మాత్రం కొత్త ఇళ్లు కట్టలేదు. బయట నిలబడి చూసే మనిషికి ఏం కనపడుతుంది? 'మా అమ్మాయికి ఇల్లు లేదు, నిన్నగాక మొన్న వచ్చినోడికి ఇల్లుంది' అని. ఆ ఇల్లు ఇచ్చింది కౌన్సిల్ కాదు, ప్రైవేటు ఓనరు అని ఎవరు విడమరిచి చెప్తారు?

2010 గురించి చెప్తాను, నేను కళ్లారా చూశాను. ఆ ఎన్నికల్లో గ్రిఫిన్ స్వయంగా బార్కింగ్ నుంచి పార్లమెంటుకు నిలబడ్డాడు. ఎంపీ మార్గరెట్ హాడ్జ్, లేబర్. 2006లో ఆవిడే 'ఇక్కడ పదిమంది తెల్లవాళ్లలో ఎనిమిది మంది బీఎన్‌పీకి ఓటేద్దామా అని ఆలోచిస్తున్నారు' అన్న అర్థంలో మాట్లాడి సొంత పార్టీ చేత చీవాట్లు తింది. తర్వాత నాలుగేళ్లు ఆవిడ చేసింది మన వార్డు మెంబర్లు చేసే పనే. వీధి వీధికీ తిరిగి, జనాన్ని టీకి పిలిచి, చెత్తబుట్టలు, వీధి దీపాలు, బస్టాపుల గురించి వినడం. జాతివాదానికి ఎదురు నిలిచే 'హోప్ నాట్ హేట్' సంస్థ వాళ్లు లండన్ నలుమూలల నుంచి కార్యకర్తలను తెచ్చి ఇంటింటికీ కరపత్రాలు వేశారు. మా ఆఫీసు నుంచి ఇద్దరు వెళ్లారు. నేను వెళ్లలేదు, వీసా రెన్యువల్‌లో ఉంది, టెన్షన్. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఓటు మాత్రం వేశాను. చాలామందికి తెలియదు, కామన్వెల్త్ పౌరులకు ఇక్కడ ఓటుంది. చట్టబద్ధంగా ఉంటున్న ఇండియన్లు వీసా మీద ఉన్నా వేయొచ్చు. మనల్ని పంపించేస్తామన్న పార్టీ వాళ్లూ, మనమూ ఒకే క్యూలో నిలబడి ఒకే పెట్టెలో ఓటేశామన్నమాట.

లెక్కలమాస్టారు
ఆ 2010 కూడా నా పట్టికలో ఉంది. 2005లో బార్కింగ్‌లో బీఎన్‌పీకి 4,916 ఓట్లు, 16.9 శాతం. 2010లో గ్రిఫిన్‌కు 6,620, 14.6 శాతం. మళ్లీ అదే, ఓట్లు పెరిగాయి, ఓడిపోయారు. హాడ్జ్‌కు 24,628. అదే రోజు కౌన్సిల్ ఎన్నికలు కూడా పెట్టడంతో పోలింగ్ బాగా పెరిగింది, ఉన్న 12 మంది బీఎన్‌పీ కౌన్సిలర్లూ ఇంటికెళ్లారు. 51కి 51 లేబర్ ఊడ్చేసింది.

దేశం మొత్తం మీద 5 లక్షల 60 వేల పైచిలుకు ఓట్లు, 1.9 శాతం. ఒక్క సీటూ లేదు. అందుకే అంటున్నాను, ఈ పార్టీ లేచినప్పుడూ జనం ఒక్కసారిగా మారిపోలేదు, పడినప్పుడూ మారిపోలేదు. పోలింగ్ బూత్‌కి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, అంతే తేడా.

తటస్థుడు
మాస్టారూ, మిగతావన్నీ ఒప్పుకుంటాను. కానీ 2014 మీ లెక్కకు అందదు. అదే యూరోపియన్ పార్లమెంటు ఎన్నిక. 2009లో 9 లక్షల 43 వేలు, 2014లో 1,79,694. ఇక్కడ ఓట్లు నిజంగానే పోయాయి. ఏడున్నర లక్షల మంది ఎటు పోయారు?

లెక్కలమాస్టారు
నిజమే బాబూ. ఆ ఒక్కచోట నా సూత్రం బోర్లాపడింది. ఒప్పుకుంటున్నాను.

లెస్టర్_పెద్దాయన
నేను 1974లో లెస్టర్ వచ్చాను, ఇంజనీరుగా. ఎటు పోయారో మా తరానికి తెలుసు, ఎందుకంటే ఒకసారి చూశాం.

అప్పుడు బీఎన్‌పీ లేదు, నేషనల్ ఫ్రంట్. 1967లో పెట్టారు. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుంచి గుజరాతీలను వెళ్లగొడితే చాలామంది లెస్టర్ వచ్చారు. రావద్దని లెస్టర్ కౌన్సిల్ ఉగాండా పేపర్లో ప్రకటన ఇచ్చింది, తెలుసా? ఇప్పుడదే ఊరు దీపావళికి వీధులన్నీ లైట్లు పెట్టి టూరిస్టులను పిలుస్తోంది. 1976 కౌన్సిల్ ఎన్నికల్లో ఫ్రంట్‌కు ఊళ్లో 18 శాతం ఓట్లొచ్చాయి. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు బస్సులో కింది అంతస్తులోనే కూర్చునేవాళ్లం, మెట్లు ఎక్కేవాళ్లం కాదు. మనవాడు తెలుగువాడా, గుజరాతీయా, పంజాబీయా అని అక్కడ ఎవడూ అడగడు, అందరికీ కలిపి ఒకటే తిట్టు.

1978 జనవరిలో అప్పటి కన్సర్వేటివ్ నాయకురాలు థాచరమ్మ టీవీలో మాట్లాడుతూ, వేరే సంస్కృతి వాళ్లు తమను ముంచేస్తారని ఇక్కడి జనం భయపడుతున్నారని అంది. అంతే. 1979 ఎన్నికల్లో ఫ్రంట్ 303 మందిని నిలబెడితే 1,91,719 ఓట్లు. 303 డిపాజిట్లూ గల్లంతు. వాళ్ల మాటలో సగం పెద్ద పార్టీ తీసుకుంది, ఇక వీళ్లతో పనేముంది? ఆ ఎన్నికల ముందు ఏప్రిల్‌లో లండన్‌లోని సౌతాల్‌లో ఫ్రంట్ మీటింగును అడ్డుకోవడానికి వెళ్లిన బ్లెయిర్ పీచ్ అనే టీచరు పోలీసుల గలాటాలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. వీధిలో కొట్లాడి ఫ్రంట్‌ను ఆపింది ఆయనలాంటివాళ్లు. పెట్టెలో దాని ఓట్లు తీసుకుపోయింది మాత్రం ఆవిడ. నా అభిప్రాయం ఇది, కాదన్నా ఏమీ అనుకోను.

ఓరుగల్లు_పిల్ల
పెద్దాయన గారూ, దండాలు. మా ప్రొఫెసర్ మూడు క్లాసుల్లో చెప్పింది మీరు మూడు పేరాల్లో చెప్పిన్రు. 2014లో జరిగింది కూడ అదే. ఈయూ నుంచి బయటికి రావాలన్న యూకిప్‌కు 27.5 శాతం, 24 సీట్లు, దేశంలో మొదటి స్థానం. బీఎన్‌పీలో పనిచేసినోళ్లను మా పార్టీలోకి రానియ్యమని యూకిప్ నాయకుడు ఫరాజ్ రూలు పెట్టిండు. సభ్యులను రానియ్యలే, ఓటర్లు మాత్రం వచ్చిన్రు. బీఎన్‌పీకి ఓటేస్తే పక్కింట్లో చెప్పుకోలేరు, యూకిప్‌కు ఓటేస్తే పబ్బులో చెప్పుకోవచ్చు.

తటస్థుడు
అందరూ అలా మారారని అనలేం. యూకిప్ ఓటరల్లా జాతివాది అంటే నేనొప్పుకోను. ఈయూలో ఉండటం ఇష్టం లేని పెద్దవాళ్లు, కన్సర్వేటివ్‌ల మీద అలిగినవాళ్లు బోలెడుమంది. ఏడున్నర లక్షలను యూకిప్ 43 లక్షల్లో కలిపేసి అందరికీ ఒకటే రంగు పూయకండి.

ఓరుగల్లు_పిల్ల
నేనూ అట్ల అనలే అన్నా. చెరువులో నీళ్లు కలిసినయి అన్న, చెరువంతా ఆ నీళ్లే అనలే.

డాక్టర్‌బాబాయి
పెద్ద కారణాలు మీరు చెప్తున్నారు. చిన్నవి కూడా తక్కువేం కాదు. పని చేతగాని మనుషులు. బర్న్‌లీలో గెలిచిన కుర్ర కౌన్సిలరొకడు పార్టీ సొంత జాతరలోనే సీసాతో కొట్లాడి రాజీనామా చేయాల్సొచ్చింది. పక్కనే బ్లాక్‌బర్న్‌లో గెలిచినాయన ఏడాది తిరక్కముందే పార్టీని తిట్టి బయటికొచ్చాడు. మిగతావాళ్లు మీటింగుల్లో చెయ్యెత్తడం తప్ప బడ్జెట్ కాగితం చదివిన పాపాన పోలేదని నర్సులు నవ్వుకునేవారు. కోపం మీద గెలవొచ్చు, ఆ తర్వాత రోడ్డు మీద గుంత పూడ్చాలి కదా.

2008 నవంబరులో సభ్యుల జాబితా మొత్తం ఇంటర్నెట్‌లో పడింది, పేర్లు, అడ్రసులతో సహా. మా ఆస్పత్రిలో రెండు రోజులు అదే గుసగుస, ఎవరి పేరుందా అని. నేను చూడలేదు. రాత్రి డ్యూటీలో పక్కన నిలబడే మనిషి పేరు కనపడితే ఏం చేస్తాను?

ఈస్ట్‌హామ్_ఇడ్లీ
2009 అక్టోబరు 22, నాయకులను జనం ప్రశ్నలడిగే బీబీసీ టీవీ షో క్వశ్చన్ టైమ్ మరిచారు! సుమారు 80 లక్షల మంది చూశారు. బయట గేటు దగ్గర నిరసనలు, లోపల గ్రిఫిన్. మేం ఆరుగురం రూమ్మేట్లం ఒకే సోఫాలో, పప్పన్నం ప్లేట్లు ఒళ్లో పెట్టుకొని చూశాం. ఆయన అమెరికాలో నల్లవాళ్ల మీద దాడులు చేసిన క్లూ క్లక్స్ క్లాన్‌లో ఒక వర్గం దాదాపు అహింసావాదులే అన్నట్టు చెప్పాడు. మా తాడేపల్లిగూడెం వాడికి ముద్ద గొంతులో అడ్డం పడింది. ప్రేక్షకులు గట్టిగా నవ్వారు. ఆ నవ్వుతోనే ఆయన పని అయిపోయిందని నా నమ్మకం.

తటస్థుడు
అయిపోతే ఏడు నెలల తర్వాత ఐదున్నర లక్షల ఓట్లెలా వచ్చాయి? మనం నవ్వాం కాబట్టి అందరూ నవ్వారనుకుంటాం.

ఈస్ట్‌హామ్_ఇడ్లీ
సరే, గెలిచారు మీరు. మార్మైట్ సంగతైనా చెప్పనివ్వండి. 2010 ఎన్నికల టీవీ ప్రసారంలో గ్రిఫిన్ పక్కన మార్మైట్ సీసా పెట్టారు. అదే, రొట్టె మీద రాసుకునే నల్లటి ఉప్పటి పేస్టు. కంపెనీవాళ్లు కోర్టుకెళ్లి తీయించారు. పోలింగ్‌కు రెండు రోజుల ముందు పార్టీ వెబ్‌సైట్ నడిపే మనిషే అలిగి సైటు ఆపేశాడు. ముందురోజు ఒక కౌన్సిలరు బార్కింగ్ వీధిలో ఆసియా కుర్రాళ్లతో ముష్టియుద్ధం, కెమెరా సాక్షిగా. ప్రత్యర్థులు పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది.

లెస్టర్_పెద్దాయన
గోదారిగట్టు గారూ, ఆ కరపత్రం మీద విమానం స్పిట్‌ఫైరేనా? తోక ముందు అక్షరాలు కనపడుతున్నాయా? చూసి చెప్పండి, పని ఉంది.

గోదారిగట్టు
ఫ్రిజ్ మీంచి తీసి చూశాను. వెలిసిపోయింది గానీ ఆర్, ఎఫ్ అని ఉన్నట్టుంది సార్.

లెస్టర్_పెద్దాయన
ఆర్ఎఫ్ అంటే రాయల్ ఎయిర్‌ఫోర్సులో 303 స్క్వాడ్రన్ గుర్తు. ఆ స్క్వాడ్రన్‌లో పైలట్లు పోలండ్ వాళ్లు! రెండో ప్రపంచయుద్ధంలో జరిగిన 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్'లో జర్మన్ విమానాలను ఎక్కువగా కూల్చిన దళాల్లో అదొకటి. తూర్పు యూరప్ వాళ్లు వచ్చి మన ఉద్యోగాలు తినేస్తున్నారని చెప్పడానికి పోలిష్ వాళ్లు నడిపిన విమానం బొమ్మ వేసుకున్నారు. పేపర్లు ఎక్కిరించాక, తెలిసే వేశామన్నట్టు బుకాయించారు. నా పాత ఫ్యాక్టరీలో ఒక పోలిష్ ముసలాయన ఉండేవాడు, యుద్ధంలో ఇక్కడే ఆగిపోయినవాడు. ఈ సంగతి చెబుదామనుకునేసరికి పోయాడు.

ఓరుగల్లు_పిల్ల
అయ్యో, ఇది తెలియదు నాకు! ఇంకోటి కూడ ఇట్లాంటిదే. పార్టీ నిబంధనల ప్రకారం తెల్లవాళ్లకే సభ్యత్వం. సమానత్వ కమిషన్ కోర్టుకు పోతే 2010 ఫిబ్రవరిలో ఆ రూలు మార్చుకోవాల్సి వచ్చింది. మార్చగానే చేరిందెవరో తెలుసా? ఒక సిక్కు పెద్దాయన, రిటైర్డ్ టీచర్. 1947 విభజన గొడవల్లో తండ్రిని పోగొట్టుకున్నడు, ముస్లింల మీద ఆ కోపం అట్లనే మిగిలింది. పంజాబ్ గాయం పట్టుకొని ఇంగ్లండ్‌లో బీఎన్‌పీ కార్డు తీసుకున్నడు.

కొత్త_సభ్యుడు_77
దీనివల్ల నాకు తెలిసిందేంటంటే మన వాళ్లలో కూడా...

మోడరేటర్
ఈ సందేశంలో మతం పేరుతో ఉన్న భాగం తొలగించాను. మన రాష్ట్రాల పార్టీలను ఇందులోకి లాగొద్దు, దానికి వేరే దారం ఉంది. విషయం మీదే మాట్లాడండి.

లెక్కలమాస్టారు
మోడరేటర్ గారి మాట మన్నించి చివరి అంకం లెక్కలు ఇస్తాను. 2011లో నాయకత్వ ఎన్నిక, గ్రిఫిన్ మీద సాటి యూరోపియన్ పార్లమెంటు సభ్యుడు బ్రాన్స్ పోటీ. గ్రిఫిన్‌కు 1,157, బ్రాన్స్‌కు 1,148. తొమ్మిది ఓట్ల తేడా. మిల్‌వాల్‌లో ఏడుతో మొదలైంది, ఇక్కడ తొమ్మిదితో చీలింది. బ్రాన్స్ మరుసటి ఏడాది వెళ్లిపోయాడు. 2014 జనవరిలో గ్రిఫిన్ దివాలా తీసినట్టు కోర్టు ప్రకటించింది. మేలో సీటు పోయింది, జులైలో నాయకత్వం పోయింది, అక్టోబరులో పార్టీయే ఆయన్ను బహిష్కరించింది. 2015 ఎన్నికల్లో నిలబడింది ఎనిమిది మంది, వచ్చిన ఓట్లు అందరికీ కలిపి 1,667. మా కాలనీ అసోసియేషన్ ఎన్నికకు అంతకంటే పెద్ద గొడవ.

2016 జనవరిలో ఎలక్షన్ కమిషన్ పార్టీ పేరు రిజిస్టర్ లోంచి కొట్టేసింది. నిషేధం అనుకునేరు, కాదు. ఏటా వివరాలు సరిచూసి 25 పౌండ్ల ఫీజుతో పంపాల్సిన కాగితం పంపలేదు, అంతే! నెల తర్వాత మళ్లీ రిజిస్టరు చేయించుకున్నారు. చివరి కౌన్సిలరు పెండిల్‌లో ఉండేవాడు, 2018లో ఇక పోటీ చేయనని తప్పుకున్నాడు.

డాక్టర్‌బాబాయి
పెండిల్ అంటే మా పక్కనే. మొదలైన చోటే ఆరిపోయింది.

తటస్థుడు
ఆరిపోయిందనుకోవడం తొందరపాటు బాబాయి గారూ. 2011లో అందులోంచి వెళ్లినవాళ్లే 'బ్రిటన్ ఫస్ట్' పెట్టారు. 2024లో రిఫార్మ్‌కు 14 శాతం ఓట్లు, అయిదుగురు ఎంపీలు. రిఫార్మ్‌ను బీఎన్‌పీతో కట్టేయడం లేదు, నన్ను నేనే ఖండించుకోను. కానీ డాగెన్‌హామ్‌లో ఇంటి క్యూ అలాగే ఉంది, గోదారిగట్టు గారి పక్కింటాయన మనవరాలిని అడగండి.

గోదారిగట్టు
అడగలేదు గానీ, ఇవాళ చెత్తబుట్టలు బయట పెడుతుంటే పక్కింటాయన కనపడ్డాడు. మా ఇంటి సంగతి అడిగాను. 1980ల్లో అందులో ఉన్నాయన కౌన్సిల్ నుంచి కొనుక్కున్నాడట, ఆయన పోయాక పిల్లలు అమ్మేశారట. ఇప్పుడున్న ఓనరు మూడో మనిషి, ఇల్ఫర్డ్‌లో ఉంటాడు. అంటే ఈస్ట్‌హామ్ ఇడ్లీ గారు చెప్పిన కథలో ఇల్లు మాదే.

కరపత్రం సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పాలనిపించింది, నోరు రాలేదు.

కొత్త_సభ్యుడు_77
సారీ మోడరేటర్ గారూ, ఇందాక తొందరపడ్డాను. గోదారిగట్టు గారూ, టాపిక్ కాదు గానీ, డాగెన్‌హామ్‌లో రెండు బెడ్‌రూముల ఇల్లు దొరుకుతుందా? నెలకెంత? సెప్టెంబరులో ఫ్యామిలీ వస్తోంది.

గోదారిగట్టు
దొరకడం కష్టంగానే ఉంది తమ్ముడూ. మా ఓనరు కూడా వచ్చే నెల నుంచి అద్దె పెంచుతానని మెసేజ్ పెట్టాడు. మేం ఖాళీ చేయాల్సొస్తే ముందు నీకే చెప్తాను.